ఫైలు కదిలేలోపు పిల్ల నడక నేర్చింది

దత్తత అంటే మన అమ్మమ్మల కాలంలో ఒక పూట పని. రెండు పీటలు, నలుగురు పెద్దలు, శాస్త్రం ప్రకారం జరుపుకునేవాళ్లకి ఒక హోమం. కన్నవాళ్లు బిడ్డను ఎత్తి పెంచుకునేవాళ్ల ఒడిలో పెట్టడంతో పని పూర్తయ్యేది. భోజనాల వేళకి ఆ పిల్లవాడు ఇంకో ఇంటి బిడ్డ. అసలు 'దత్త' అన్న మాటకే ఇవ్వబడినది అని అర్థం. ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి ఉంటే చాలు. 1956లో వచ్చిన హిందూ దత్తత చట్టం కూడా దీన్నే పట్టుకుంది. హోమం లేకపోయినా దత్తత చెల్లుతుంది కానీ, ఇవ్వడం పుచ్చుకోవడం జరగకపోతే చెల్లదని రాసింది.

ఆ ఇచ్చే చేతికీ పుచ్చుకునే చేతికీ మధ్య సముద్రం వస్తే ఏమవుతుందో ఈసారి రాద్దామనుకున్నాను. మనలో చాలామందికి అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో అక్కచెల్లెళ్లున్నారు, పిల్లల్లేక ఎదురుచూసేవాళ్లూ ఉన్నారు. "ఇండియా వచ్చి ఒక పిల్లను తెచ్చుకోవచ్చు కదా" అని మనం ఫోన్లో తేలిగ్గా అనేస్తుంటాం. ఆ మాట ఎంత బరువైనదో ఈ చరిత్ర చదివితే తెలుస్తుంది.

పాతకాలంలో చిక్కులే లేవని నేననను. మన అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు ఒకరి తర్వాత ఒకరిని ఇద్దరు కొడుకుల్ని దత్తు తీసుకున్నారు. ఆయన 1816లో పోయాక, మొదటి దత్తుడు ఉండగా రెండో దత్తత చెల్లుతుందా అన్న వ్యాజ్యం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1840ల్లో చెల్లదని తేలింది. రంగమ్మ, అచ్చమ్మ అనే ఇద్దరు ఆడవాళ్ల పేర్లతోనే ఆ కేసు ఇప్పటికీ లా పుస్తకాల్లో ఉంది. అయితే ఆ గొడవంతా ఆస్తి గురించి. బిడ్డ ఎక్కడ పెరుగుతాడు, ఎవరి పక్కలో పడుకుంటాడు అన్నది ఆ కాగితాల కోసం ఆగలేదు. మన కాలానికి వచ్చేసరికి కాగితం తేలేదాకా బిడ్డే ఆగాల్సి వచ్చింది.

1956 చట్టం గురించి ఆడవాళ్లం తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆడపిల్లను దత్తత తీసుకునే వీలు మొదటిసారి ఇచ్చింది అదే. కానీ పెళ్లయిన స్త్రీకి తన పేరుమీద దత్తత తీసుకునే హక్కు ఇవ్వలేదు. భర్త తీసుకుంటాడు, భార్య ఒప్పుకోవాలి, అంతే. రాత్రిళ్లు లేచి పాలు పట్టేది ఎవరమ్మా అంటే జవాబు లేదు. ఆ తేడా పోవడానికి 2010 దాకా పట్టింది.

ఇక విదేశీయుల సంగతి. వాళ్లు హిందువులు కారు కనక 1956 చట్టం వాళ్లకి పనికిరాదు. అందరికీ పనికొచ్చేలా 1972లో ఒకసారి, 1980లో మరోసారి పార్లమెంటులో బిల్లు పెట్టారు, రెండూ చట్టం కాలేదు. మిగిలిన దారి 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఒక్కటే. అంటే స్వీడన్ దంపతులో అమెరికా దంపతులో ఇక్కడి కోర్టులో పిల్లకి తల్లిదండ్రులుగా కాదు, సంరక్షకులుగా నియమింపబడేవాళ్లు. ఆ ఉత్తర్వుతో పిల్లను తీసుకెళ్లి, వాళ్ల దేశంలో మళ్లీ దత్తత ప్రక్రియ మొదలుపెట్టేవాళ్లు. బ్రిటిషువాళ్ల కాలంలో దిక్కులేని మైనర్ల ఆస్తులు కాపాడటానికి కూడా వాడిన చట్టం, నూరేళ్ల తర్వాత పిల్లల్ని విమానం ఎక్కించడానికి పనికొచ్చింది.

దేశాలు దాటే దత్తతలు పెద్దఎత్తున మొదలైంది కొరియా యుద్ధం తర్వాత. 1955లో అమెరికాలోని ఆరిగన్‌లో ఉండే హోల్ట్ దంపతులు, అప్పటికే సొంత పిల్లలున్నవాళ్లు, ఎనిమిది మంది కొరియా పిల్లల్ని తెచ్చుకోవాలనుకున్నారు. కుటుంబానికి ఇద్దరికి మించి కుదరదంది చట్టం. వాళ్లు ఊరుకోలేదు. తమ ఒక్క కుటుంబం కోసం అమెరికా కాంగ్రెస్ చేత ప్రత్యేక చట్టం చేయించుకున్నారు. చదివినప్పుడు నాకు ముచ్చటేసింది. ఆ వెంటనే ఇంకో ఆలోచనా వచ్చింది. అంత తొందరగా తలుపులు తెరుచుకుంటే, అవతలి వైపు ఆ పిల్లలు నిజంగా అనాథలా కాదా అని అడిగేవాళ్లు ఎవరు?

ఆ ప్రశ్న మన దేశంలో గట్టిగా అడిగింది లక్ష్మీకాంత్ పాండే అనే లాయరు. 1982లో ఆయన సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాశారు. దత్తత పేరుతో విదేశాలకు పంపుతున్న పిల్లలు ఏమవుతున్నారో చూసే దిక్కు లేదని అందులో మొర. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది. 1984 ఫిబ్రవరి 6న జస్టిస్ పి.ఎన్. భగవతి ఇచ్చిన తీర్పు ఆ తర్వాత చాలా ఏళ్లు ఈ దేశంలో విదేశీ దత్తతలకి చట్టంలా పనిచేసింది. బిడ్డకోసం మొదట మన దేశంలోనే ఇల్లు వెతకాలి. విదేశీయులు నేరుగా రాకూడదు, వాళ్ల దేశంలో గుర్తింపు ఉన్న సంస్థ ద్వారానే రావాలి. ఆ ఇల్లెలాంటిదో, మొగుడూ పెళ్లాం ఎలా ఉంటారో, సంపాదన ఎంతో సంస్థ రిపోర్టు రాయాలి. బిడ్డ గురించి ఇక్కడ ఇంకో రిపోర్టు. కన్నతల్లి దగ్గర బిడ్డ పుట్టకముందే మాట తీసుకోకూడదు. మనసు మార్చుకోవడానికి ఆమెకు వ్యవధి ఇవ్వాలి. అన్నిటికీ కేంద్రంలో ఒక సంస్థ ఉండాలి. ఆ సంస్థే 1990లో 'కారా' పేరుతో వచ్చింది.

ఆలస్యం గురించి మాట్లాడుకునేటప్పుడు మనం తరచు మరిచిపోయేది ఇదే. ఫైలులో ఉన్న రోజులన్నీ ఒకే రకం కాదు. కన్నతల్లికి ఆలోచించుకోవడానికి ఇచ్చే రోజులు వేరు, గుమాస్తా బల్లమీద ఫైలు దుమ్ము తాగే రోజులు వేరు. 2000 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం మొదటిదానికి రెండు నెలలిచ్చింది. బాలింత ఒంటితో, ఇంట్లో ఎవరో ఒత్తిడి పెడితే సంతకం చేసిన అమ్మాయికి ఆ రెండు నెలలు ఎక్కువా? నేనైతే తక్కువే అంటాను. రెండో రకానికి మాత్రం ఏ లెక్కా లేదు.

పెంచుకునేవాళ్ల వైపు నుంచి ఆ రోజులు ఎలా గడిచేవో చెప్పాలి. అమెరికా దంపతులు ముందు తమ ప్రభుత్వం దగ్గర విదేశీ అనాథను తెచ్చుకునే అనుమతి తీసుకోవాలి. అది పద్ధెనిమిది నెలలే చెల్లేది. వేలిముద్రలకి పదిహేను నెలలు. హోమ్ స్టడీ పాతబడితే మళ్లీ రాయించాలి. డాక్టరు సర్టిఫికెట్, పోలీసు సర్టిఫికెట్, బ్యాంకు కాగితం, ఆఫీసు కాగితం, ప్రతిదానికీ నోటరీ, ఆపైన మన కాన్సులేటు ముద్ర. ఇవన్నీ ఇక్కడికొచ్చి ఒక్కో మెట్టూ ఎక్కేసరికి మొదట తెచ్చిన కాగితానికి గడువు తీరిపోయేది. అంట్లు తోముతుంటే వెనకనుంచి ఎంగిలి గిన్నెలు వచ్చి పడుతున్నట్టు ఉంటుంది చూడండి, అలా.

ఇంకో పక్క చేతిలో ఉండేది ఒక ఫొటో. మూణ్ణెల్ల పిల్ల ఫొటో చూసి గౌన్లు కొంటారు. అవి ఇక్కడికి చేరేసరికి పిల్లకి పట్టవు. ఒళ్లు తెలిసినవాళ్లు ఒక సైజు పెద్దవి కొనడం మొదలుపెడతారు, తర్వాత రెండు సైజులు. గదికి రంగు వేయిస్తారు, ఉయ్యాల కొంటారు. ఏడాది దాటాక ఉయ్యాల తీసేసి మంచం వేస్తారు. పిల్ల రాకుండానే.

ఈ చరిత్రలో మన రాష్ట్రానికి ఒక చేదు అధ్యాయం ఉంది. 1999లో ఒకసారి, 2001లో మరోసారి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో శిశువుల అమ్మకాలు బయటపడ్డాయి. నల్గొండ, మహబూబ్‌నగర్, రంగారెడ్డి జిల్లాల లంబాడీ తండాల నుంచి పసికందుల్ని, దాదాపు అందరూ ఆడపిల్లలే, మధ్యవర్తులు కొన్ని వందలకో వేలకో తెచ్చి హైదరాబాదులోని కొన్ని దత్తత కేంద్రాలకు చేరవేస్తున్నారని పోలీసులు కేసులు పెట్టారు. అవతలి చివర విదేశీ దంపతులు కట్టేది డాలర్లలో వేలు. మధ్యలో ఉన్నది ఒక కాగితం. 'నా ఇష్టంతో బిడ్డను వదులుకుంటున్నాను' అని రాసి, కింద వేలిముద్ర.

తండాల్లో తల్లులకు మనసు లేదని అప్పట్లో పేపర్లు చదివి అనుకున్నవాళ్లున్నారు. నాకు అది ఎప్పుడూ మింగుడుపడలేదు. లంబాడీల్లో ఒకప్పుడు పెళ్లికొడుకు వాళ్లే ఆడపిల్ల ఇంటికి ఓలి ఇచ్చేవాళ్లు. ఆడపిల్ల పుడితే బరువనుకునే సంగతి లేదు. మన కట్నం జబ్బు తండాలకీ పాకాక, దానికి కరువు తోడయ్యాక, మూడో ఆడపిల్ల, నాలుగో ఆడపిల్ల ఆ ఇంట్లో భయం అయింది. అంటే ఆ వేలిముద్ర వెనక మన మైదానపు ఊళ్ల పెళ్లిపందిళ్లు కూడా ఉన్నాయి.

గొడవ బయటపడ్డాక రాష్ట్ర ప్రభుత్వం తల్లిదండ్రులు బిడ్డను రాతపూర్వకంగా వదులుకునే పద్ధతినే ఆపేసింది. పిల్లల్ని ప్రభుత్వ శిశువిహార్‌కు తరలించారు. అప్పటికే పిల్లలతో జత కుదిరి, కొందరైతే కోర్టు ఉత్తర్వు కూడా చేతికొచ్చి, టిక్కెట్లు కొనుక్కోబోతున్న విదేశీ దంపతులు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఆ బిడ్డ నిజంగా వదిలేసిన బిడ్డా, కొన్న బిడ్డా అని ఒక్కొక్క ఫైలూ తవ్వాలి. వీసాలు విచారణలో పడ్డాయి, కేసులు హైకోర్టు మెట్లెక్కాయి. పొత్తిళ్ల ఫొటో చూసి ఒప్పుకున్నవాళ్లు, ఆ పిల్ల బడికెళ్లే వయసుదాకా చూడాల్సి వచ్చిన సందర్భాలున్నాయి.

ఇక్కడ ఎవరి పక్షం వహించాలి? పోలీసులు ఆపకపోతే కొనుగోళ్లు సాగేవి. ఆపినందువల్ల, ఏ తప్పూ చేయని పిల్లలు అమ్మ ఒడిలో గడపాల్సిన రోజులు ఆయాల వరస మంచాల మధ్య గడిపారు. మోసం చేసినవాళ్లు బెయిలు మీద బయటికొస్తే పిల్లలు లోపలే ఉన్నారు. విచారణ తప్పని నేననను. ఆరు నెలల్లో తేల్చాల్సింది ఏళ్లు లాగడాన్ని మాత్రం ఏ న్యాయంతోనూ సమర్థించలేను. పసిపిల్ల విషయంలో ఏడాది అంటే ఒక జీవితం. బోర్లాపడటం, అడుగులేయడం, మొదటి మాట, అన్నీ ఆ ఏడాదిలోనే అయిపోతాయి.

2003లో మన దేశం హేగ్ ఒప్పందంలో చేరింది. పిల్లల అమ్మకాలు ఆపడానికి 1993లో కుదిరిన ఒప్పందమది. రెండు దేశాల కేంద్ర సంస్థలూ ఒప్పుకుంటేనే దత్తత చెల్లుతుందని దాని సారాంశం. అమెరికాలో అది 2008 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. మంచిదే. కానీ వల వేసింది సొరచేపకైనా, చిక్కింది మన ఇళ్లలోని అక్కచెల్లెళ్లు.

ఎలాగంటే, పిల్లల్లేని అక్కకి చెల్లెలు తన బిడ్డను ఇవ్వడం మనకి కొత్త కాదు. 1956 చట్టం ప్రకారం దత్తత పత్రం రాసుకుని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయిస్తే ఇక్కడ ఒక్కరోజులో పని అయిపోతుంది. అది తీసుకుని వీసాకి వెళితే అమెరికావాళ్లు ఒప్పుకోరు. కారా ఇచ్చే నిరభ్యంతర పత్రం కావాలంటారు. కారాకి వెళితే, మీది మా చట్టం కింద జరిగిన దత్తత కాదు కదా అన్న జవాబు. ఇటు గొళ్లెం తీస్తే అటు గడియ. పైగా హేగ్ పద్ధతిలో అమెరికాకి పిల్లను తెచ్చుకునే దరఖాస్తు పెట్టాలంటే దంపతుల్లో ఒకరైనా అమెరికా పౌరులై ఉండాలి. గ్రీన్‌కార్డు చాలదు. వీసాల మీద ఉన్న మన పిల్లలకి ఈ సంగతి ముందుగా చెప్పేవాళ్లే ఉండరు.

నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇదే జరిగింది. అక్క అమెరికాలో, చెల్లెలు ఇక్కడ. చెల్లెలికి ఇద్దరు పిల్లల తర్వాత మూడోసారి గర్భం వస్తే, పుట్టబోయే బిడ్డను అక్కకి ఇద్దామని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. ఆడపిల్ల పుట్టింది. అక్క వచ్చి పీటలమీద కూర్చుని బిడ్డను ఒడిలోకి తీసుకుంది. నెలన్నర ఉండి, సెలవు అయిపోయి, వీసా రాగానే వచ్చి తీసుకెళతానని వెళ్లింది. ఆ తర్వాత ఒక ఆఫీసునుంచి ఇంకో ఆఫీసుకి తిరుగుడు. ఒకచోట పత్రంలో పేరు స్పెల్లింగు తేడా అన్నారు, ఒకచోట పై ఆఫీసర్ బదిలీ అయ్యారన్నారు.

అసలు బాధ ఆఫీసుల్లో కాదు, వంటింట్లో. ఆ పిల్ల ఎలాగూ వెళ్లిపోయేదే కదా అని చెల్లెలు తనని 'పిన్ని' అని పిలవడం నేర్పింది. ఫోన్లో కనపడే ఆవిడ అమ్మ. అన్నయ్యలిద్దరూ అదే మనిషిని 'అమ్మా' అని పిలుస్తుంటే రెండేళ్ల పిల్ల ఏం చేస్తుంది? పగలంతా చెప్పినట్టే పిన్ని అనేది. రాత్రి జ్వరం వస్తే 'అమ్మా' అని పిన్ని మెడే పట్టుకునేది. అవతల అక్క అక్కడి రాత్రంతా మేలుకుని, ఇక్కడి పగటి వేళ ఫోన్లో అన్నం తినిపించే పాటలు పాడేది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ ఏడ్చారో చెప్పలేను. మూడేళ్లు దాటాక పిల్ల వెళ్లింది. విమానాశ్రయంలో చెల్లెలు లోపలికి రాలేదు, కారులోనే కూర్చుంది.

ఇలాంటి కుటుంబాల గోడు ఢిల్లీ దాకా చేరడానికి చాలా కాలం పట్టింది. 2017 నిబంధనల్లో బంధువుల పిల్లల్ని దేశం దాటించే దత్తతకి ఒక దారి పెట్టారు. అయితే చట్టం ఎవరిని బంధువులంటుందో చూసుకోవాలి. పిన్ని, బాబాయి, పెద్దమ్మ, పెదనాన్న, మేనమామ, మేనత్త, అమ్మమ్మ తాతయ్యలు, నాయనమ్మ తాతయ్యలు. అక్కడితో సరి. పెదనాన్న కూతురి బిడ్డ మనకి సొంత బిడ్డతో సమానమే, చట్టానికి కాదు. 1956 చట్టం కింద అయిన దత్తతలకి కూడా కారా నుంచి నిరభ్యంతర పత్రం దొరికేలా 2021 సెప్టెంబరులో నిబంధనలు మార్చారు. జిల్లా మేజిస్ట్రేటు విచారించి చెప్పాక ఆ పత్రం ఇస్తారు.

మన దేశాన్నొక్కదాన్నే అనుకోనక్కర్లేదు. ఆఫ్రికాలోని కాంగో 2013లో దత్తత పిల్లలు దేశం విడిచే అనుమతులు ఆపేసింది. కోర్టు ప్రకారం ఆ పిల్లలు అప్పటికే పెంచుకునేవాళ్ల పిల్లలు, పేరు కూడా మారింది. విమానం ఎక్కించే కాగితం ఒక్కటే లేదు. కొందరు తల్లులు ఉద్యోగాలు మాని వెళ్లి కిన్షాసాలో పిల్లలతో కాపురం పెట్టారు, ఇంటిదగ్గర మిగతా పిల్లల్ని తండ్రి చూసుకున్నాడు. 2016కి గానీ ఆ ముడి విడలేదు. రష్యా అయితే 2013 జనవరి నుంచి అమెరికన్లకు పిల్లల్ని ఇవ్వడమే మానేసింది. రెండు ప్రభుత్వాల మధ్య కోపతాపాలు, శిక్ష మాత్రం అనాథలకి. అప్పటికే అనాథాశ్రమానికి వెళ్లి పిల్లల్ని ఎత్తుకుని, మళ్లీ వస్తామని చెప్పి వచ్చినవాళ్లున్నారు. వాళ్లలో 40 మందికి పైగా యూరప్ మానవ హక్కుల కోర్టుకెక్కితే 2017లో తీర్పు వాళ్లవైపే వచ్చింది. పిల్లలు మాత్రం రాలేదు. చైనా 2020లో కోవిడ్ పేరుతో ఆపి, 2024లో బంధువుల పిల్లలకి తప్ప విదేశీ దత్తతలే ఇక లేవంది. మధ్యలో ఆ నాలుగేళ్లూ, పిల్లతో జత కుదిరిన అమెరికా కుటుంబాలు ఫొటోలు పెట్టుకుని చూస్తూనే ఉన్నాయి.

మళ్లీ మన దగ్గరికొస్తే, 2015 చట్టం దత్తత కేసును కోర్టు రెండు నెలల్లో తేల్చాలంది. 1984 తీర్పులో కూడా భగవతిగారు ఆ రెండు నెలలే చెప్పారు. ముప్పై ఏళ్లకి అదే మాట మళ్లీ రాయాల్సి వచ్చిందంటే మధ్యలో ఏం జరిగిందో ఊహించుకోవచ్చు. కోర్టుల్లో ఆలస్యమవుతోందని 2022 సెప్టెంబరు 1 నుంచి ఉత్తర్వులిచ్చే అధికారం కలెక్టర్లకు మార్చారు. అప్పటికే కోర్టుల్లో సగం నడిచిన ఫైళ్లు ఎటుపోవాలో తెలియక కొన్నాళ్లు అటూఇటూ ఊగాయి, బొంబాయి హైకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. వరదలొస్తే, ఎన్నికలొస్తే, ముఖ్యమంత్రి పర్యటన ఉంటే కలెక్టరు బల్లమీద ఈ ఫైలు ఎన్నో స్థానంలో ఉంటుందో అన్నది నా అనుమానం.

పాత రోజుల్లో ఇక్కడినుంచి వెళ్లిన పిల్లలు ఇప్పుడు ముప్పై, నలభైల్లో పడ్డారు. కొందరు తమ కన్నవాళ్లెవరో వెతుక్కుంటూ హైదరాబాదు వస్తున్నారు. పద్ధెనిమిదేళ్లు నిండిన దత్తత బిడ్డ అలా అడిగితే సంస్థలు సాయం చేయాలని నిబంధన ఉంది. పాత ఫైలు తెరిస్తే కొన్నిట్లో తల్లి పేరు ఉంటుంది, ఊరి పేరు ఉండదు. కొన్నిట్లో ఊరి పేరు తప్పు. కొన్నిట్లో ఒక వేలిముద్ర ఉంటుంది, అది ఎవరిదో ఎవరూ రాసిపెట్టలేదు.